గొంతు ఆమెది, అనుమతి ఎవరిది?

కృత్రిమ మేధ గురించి ఇప్పుడు మాట్లాడని వారు లేరు. నాటకం రాస్తుందట, పాట కడుతుందట, చనిపోయిన గాయకుల గొంతును మళ్లీ పలికిస్తుందట. రంగస్థలానికి మనిషి అవసరం ఇంకా ఎన్నాళ్లని కొందరు ఉత్సాహంగా, కొందరు దిగులుగా అడుగుతున్నారు. కళ ఏమైపోతుందన్న చర్చ బాగానే సాగుతోంది. ఆ కళను తన ఒంటితో, తన గొంతుతో పండించి పొట్టపోసుకునే స్త్రీ ఏమైపోతుందన్న ప్రశ్న మాత్రం అంతగా వినిపించడం లేదు. హక్కుల గురించి మాట్లాడే మన పత్రిక ముందుగా అడగవలసింది ఆ ప్రశ్నే.

'రోబో' అనే మాట పుట్టింది ప్రయోగశాలలో కాదు, నాటకంలో. చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన 'ఆర్.యు.ఆర్.' నాటకం 1921 జనవరిలో ప్రాగ్ నగరంలో ప్రదర్శితమైంది. చెక్ భాషలో 'రొబోట' అంటే ప్రభువుకు కూలి లేకుండా చేసే చాకిరీ, అంటే మన వెట్టి. వెట్టి అంటే ఏమిటో, దొరసాని వెంట ఆడబాపలుగా పంపిన ఆడపిల్లల బతుకులేమిటో తెలంగాణ స్త్రీలకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ నాటకంలో రోబోల కర్మాగారానికి వచ్చిన హెలెనా, అక్కడ సెక్రటరీగా ఉన్న అమ్మాయిని మనిషే అనుకుంటుంది. ఆమె యంత్రమని నిరూపించడానికి కావాలంటే కోసి చూపిస్తామంటాడు మేనేజరు. ఆడ రోబోలను ఎందుకు తయారు చేస్తున్నారని అడిగితే గిరాకీ ఉంది కనుక అంటాడు. వడ్డించడానికి, దుకాణంలో నిలబడడానికి, ఆఫీసులో చెప్పిన పని చేయడానికి ఆడవాళ్లు ఉండడం జనానికి అలవాటు కదా అని అతని సమర్థన.

ఆ నాటకం వచ్చి నూరేళ్లు దాటినా ఆ అలవాటు మారలేదు. మన మాటకు బదులిచ్చే యంత్రాలకు ఆడగొంతు పెట్టి, తిట్టినా పడి ఉండే వినయాన్ని నేర్పడం స్త్రీల పట్ల ఉన్న చులకన భావాన్ని పెంచుతుందని 2019లో యునెస్కో ప్రచురించిన ఒక నివేదిక ఎత్తిచూపింది. చెప్పింది చేసే ఆడగొంతుకు గిరాకీ ఉంది. ఎదురు చెప్పే ఆడగొంతుకు లేదు. అసలు చిక్కు యంత్రంలో కన్నా ఈ గిరాకీలోనే ఉంది.

మన రంగస్థల చరిత్ర చూసినా ఈ సంగతి బోధపడుతుంది. తెలుగు నాటకం వెలిగిన తొలి దశాబ్దాలలో వేదిక మీద సత్యభామ ఉంది, చిత్రాంగి ఉంది, మధురవాణి ఉంది. ఆ వేషాలు కట్టినవారు మాత్రం చాలాచోట్ల మగవారే. స్త్రీ పాత్రల్లో స్థానం నరసింహారావు గారి ప్రతిభ ఎంతటిదో కాదనేవారు ఎవరూ లేరు. కానీ స్త్రీ ఎలా నడవాలో, ఎలా అలగాలో, ఎలా సిగ్గుపడాలో స్త్రీతో నిమిత్తం లేకుండానే నిర్ణయమైపోయిందన్నది కూడా అంతే నిజం. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి కుటుంబాల్లో స్త్రీలు వేషాలు కట్టారు. బళ్లారి రాఘవ వంటివారు స్త్రీల పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబడితే, కొమ్మూరి పద్మావతీదేవి వంటి వారు ముందుకు వచ్చారు. అలా వచ్చినవారు విన్న మాటలు, పడిన నిందలు ఎన్నో.

ఇక ఆటపాటలే వృత్తిగా ఉన్న కళావంతుల స్త్రీల సంగతి మరొకటి. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ చట్టం తెచ్చింది. ఆడపిల్లలను గుడికి అంకితం చేసే దురాచారం పోవలసిందే. కానీ ఆ సంస్కరణ కాలంలో ఆ స్త్రీలకు వేదిక లేకుండా పోయింది, వారి చేతిలోని నాట్యం మాత్రం గౌరవనీయమైన ఇళ్లకు, విద్యాలయాలకు చేరింది. కళకు మర్యాద దక్కింది, ఆ కళను కాపాడిన మనిషికి దక్కలేదు.

మనిషిని వదిలేసి ఆమె కళను మాత్రం తీసుకోవడం మనకు కొత్త కాదు. స్త్రీ లేకుండానే స్త్రీ రూపాన్ని వేదికకెక్కించడం కూడా కొత్త కాదు. ఇప్పుడు యంత్రం ఈ రెండు పనులనూ ఒకేసారి, ఎంతో చవకగా చేసి పెడుతోంది. కొత్తదనమంతా ఆ వేగంలో, ఆ చవకలో ఉంది.

ఇందులో మాయ ఏమీ లేదు. యంత్రం తనంతట తాను పాడదు. ఎవరో పాడిన పాటలు, ఎవరో పలికిన మాటలు, ఎవరో చేసిన అభినయం లక్షల సంఖ్యలో దానికి తినిపిస్తారు. వాటిలోని పోలికలు పట్టుకుని అలాంటిదే మరొకటి తయారు చేస్తుంది. ఒక మనిషి గొంతుకు నకలు తీయడానికి ఈనాడు కొద్దిపాటి రికార్డింగు చాలు. అంటే యంత్రం పాడే ప్రతి పాట వెనుకా ఎవరో ఒక మనిషి సాధన ఉంది. ఆ మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పుకోవాలి. 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీ మన దేశంలో రికార్డింగులు మొదలుపెట్టినప్పుడు పరువు గల కుటుంబాల స్త్రీలు ఆ యంత్రం ముందుకు రాలేదు. వచ్చింది గౌహర్ జాన్ వంటి వృత్తి గాయనులు. పాట ముగియగానే ఆమె తన పేరు తానే గట్టిగా చెప్పేది. ఎక్కడో జర్మనీలో ఆ రికార్డులు అచ్చువేసేవారికి పాడినది ఎవరో తెలియాలని పెట్టుకున్న ఏర్పాటు అది. అవసరం కంపెనీదే కావచ్చు. కానీ ఆ పళ్లెం తిరిగినంత కాలం పాటతో పాటు పాడిన మనిషి పేరూ వినిపించింది. నూట ఇరవై ఏళ్ల తరువాత వచ్చిన యంత్రం ఆ పేరునే చెరిపేస్తోంది.

పేరు పోవడమంటే బతుకుతెరువు పోవడమే. తెలుగు తెర మీది కథానాయికల్లో ఎంతోమంది తెలుగు రానివారు. వారికి తెలుగు మాట ఇచ్చినది డబ్బింగ్ కళాకారిణులు. నటి ముఖం గోడల మీదికెక్కినా, గొంతు ఇచ్చిన స్త్రీ పేరు చాలామంది ప్రేక్షకులకు తెలియదు. అదీగాక ఈ రంగంలో గొంతెత్తడం ఎంత ఖరీదైన పనో మనం చూశాం. లైంగిక వేధింపుల గురించి 2018లో బాహాటంగా మాట్లాడిన గాయని, డబ్బింగ్ కళాకారిణి చిన్మయి శ్రీపాద, తమిళనాడులోని డబ్బింగ్ కళాకారుల సంఘంలో సభ్యత్వం కోల్పోయారు. చందా కట్టనందుకే అని సంఘం చెప్పింది, ఆ మాటను ఆమె ఒప్పుకోలేదు. ఇక ముందు నిర్మాతకు ఆమె గొంతు కావలసి వచ్చి, ఆమె అక్కర మాత్రం లేకపోతే? ఎదురు మాట్లాడే మనిషిని పక్కన పెట్టి, ఎదురు మాట్లాడని నకలును పనిలో పెట్టుకునే వీలు యజమానుల చేతికి వస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

స్కాట్లాండులో ఇప్పటికే అలాంటిది జరిగింది. అక్కడి రైళ్లలో ప్రకటనలు చేసే యంత్రం గొంతు తనదేనని 2025లో గయాన్ పాటర్ అనే వాచిక కళాకారిణి గుర్తించారు. కొన్నేళ్ల క్రితం ఒక కంపెనీకి ఆమె చేసిన రికార్డింగులే దానికి ఆధారం. ఇలా రైళ్లలో వాడతారని తనకు తెలియదని ఆమె అన్నారు. ఆమెతో ఒప్పందం ఉందని కంపెనీ అంది. తాను చేయవలసిన పనికి తన గొంతే తనకు పోటీగా నిలబడిందన్నమాట. ఇటువంటి ఒప్పందాలు చదువుకున్నవారికే అంతుపట్టకపోతే, వేలిముద్ర వేసి డబ్బు తీసుకునే పల్లె గాయనికి ఏమి అర్థమవుతాయి?

అమెరికాలో సినిమా, టెలివిజన్ నటుల సంఘం 2023 జూలై 14 నుంచి నవంబర్ 9 వరకు 118 రోజులు సమ్మె చేసింది. ఆ సమ్మెలోని ప్రధాన సమస్యల్లో ఇదొకటి. గుంపులో నిలబడే చిన్న నటులను ఒక్క రోజు కూలి ఇచ్చి స్కాన్ చేసుకుని, ఆ బొమ్మను శాశ్వతంగా వాడుకోవాలని నిర్మాతలు చూస్తున్నారని సంఘం ఆరోపించింది. నిర్మాతలు కాదన్నారు. చివరకు నటుల నకళ్లు వాడాలంటే వారి సమ్మతి, దానికి తగిన ప్రతిఫలం ఉండాలని ఒప్పందంలో రాయించుకున్నారు. సంఘటితంగా నిలబడితేనే ఆ మాత్రమైనా దక్కింది. మన జూనియర్ ఆర్టిస్టులు, గ్రూపు డాన్సర్లు, జాతరల్లో రికార్డింగ్ డాన్సు చేసే అమ్మాయిలు, ఊరూరా తిరిగి ఆడే కళాకారిణులు ఎవరి అండతో అడగాలి?

వేదికనెక్కే స్త్రీకి మరో ప్రమాదం కూడా పొంచి ఉంది. 2023 నవంబరులో నటి రష్మికా మందన్న ముఖాన్ని వేరొక యువతి శరీరానికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. ఆ శరీరం బ్రిటన్‌లో ఉండే భారతీయ సంతతి యువతిది. ఒకరి ముఖాన్ని, మరొకరి దేహాన్ని, ఇద్దరినీ అడగకుండానే వాడుకున్నారు. అందరూ నటి గురించే మాట్లాడారు గాని ఆ రెండో స్త్రీకి జరిగిన అన్యాయం గురించి మాట్లాడినవారు తక్కువ. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు నిందితుడిని గుంటూరు ప్రాంతం నుంచి అరెస్టు చేశారు. పేరున్న నటి కనుక అంత దూరం నుంచి వచ్చి పట్టుకున్నారు. ఊరి జాతరలో ఆడిన అమ్మాయికి ఇదే జరిగితే స్టేషనులో ఆమెకు ఎదురయ్యే మొదటి ప్రశ్న, అసలు నువ్వెందుకు ఆడావని. ఆ ప్రశ్న మనకు బాగా తెలిసినదే.

యంత్రం నాటకం రాస్తే అందులో స్త్రీ ఎలా ఉంటుందన్నది కూడా ఆలోచించాలి. 2021లో లండన్‌లోని యంగ్ విక్ థియేటరులో ప్రేక్షకుల ఎదుటే యంత్రంతో కలిసి నాటకం అల్లే ప్రయోగం చేశారు. వలీద్ అఖ్తర్ అనే నటుడికి ఆ యంత్రం పదే పదే ఉగ్రవాదిగా, అత్యాచారిగా పాత్రలు కేటాయించిందని దర్శకురాలు జెన్నిఫర్ టాంగ్ చెప్పారు. యంత్రానికి పగ లేదు, ద్వేషం లేదు. లోకంలో పోగుపడిన రాతల నుంచి నేర్చుకున్నదే తిరిగి అప్పజెప్పింది. మన సినిమాలు, సీరియళ్లు, సామెతలు, తిట్లు తిని పెరిగిన యంత్రం మన స్త్రీకి ఏ పాత్ర ఇస్తుంది? గయ్యాళి అత్త, ఏడ్చే కోడలు, వెంటపడితే చివరికి లొంగిపోయే పిల్ల, ఈ ముగ్గురినీ దాటి వస్తుందా? ఈ మూస బద్దలు కొట్టడానికి మన రచయిత్రులు, నటీమణులు ఎన్నో ఏళ్లు పెనుగులాడారు. ఆ కృషి అంతా యంత్రం లెక్కలో చిన్న భాగం. మూసదే పెద్ద భాగం.

అయితే సాంకేతికతను సాంతం తిరస్కరించాలని మేము అనడం లేదు. మాటలు వినబడని ప్రేక్షకులకు వేదిక పక్కన సంభాషణలు అక్షరాలుగా చూపించవచ్చు. పాడైపోతున్న పాత రికార్డులను బాగు చేయవచ్చు. జబ్బు వల్ల గొంతు పోగొట్టుకున్న మనిషికి తన గొంతునే తిరిగి ఇవ్వవచ్చు. వీటిని ఎవరు కాదంటారు? యంత్రం ఎవరి చేతిలో ఉంది, ఎవరిని అడిగి వాడుతున్నారు, లాభం ఎవరికి చేరుతోంది అన్నదే మన ప్రశ్న.

ఈ అడగడం దగ్గరే ఒక మెలిక ఉంది. 2023లో విడుదలైన తెలుగు సినిమా 'కీడా కోలా'లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును తమ అనుమతి లేకుండా కృత్రిమంగా వాడారని ఆయన కుటుంబం నోటీసు పంపింది. 2024లో వచ్చిన తమిళ సినిమా 'లాల్ సలామ్' పాటలో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను వాడినప్పుడు, వారి కుటుంబాల అనుమతి తీసుకుని ప్రతిఫలం ఇచ్చామని ఏ.ఆర్. రెహమాన్ చెప్పారు. రెండో పద్ధతి మెరుగైనదని అందరూ మెచ్చుకున్నారు. మెరుగైనదే. కానీ ఒక స్త్రీ విషయంలో కుటుంబం అనుమతి అంటే ఏమిటి? పెళ్లి కాగానే గజ్జెలు విప్పించినది ఏ కుటుంబం? పరాయి మగవాళ్ల ముందు పాడవద్దన్నది ఎవరు? బతికి ఉన్నప్పుడు ఆమెను వేదిక ఎక్కనివ్వని భర్త, ఆమె పోయాక ఆమె గొంతుకు హక్కుదారుడై సంతకం పెట్టవచ్చునా? ఆస్తిలో, సంతానంలో, శరీరంలో స్త్రీకి బదులు కుటుంబం మాట్లాడే పద్ధతిపై మనం ఇన్నేళ్లుగా పోరాడుతున్నాం. గొంతు విషయంలో మళ్లీ ఆ పద్ధతినే ఒప్పుకోలేం. తన గొంతును, తన రూపాన్ని దేనికి వాడవచ్చో, దేనికి వాడకూడదో ఆమె జీవించి ఉండగానే ఆమె నోటితో చెప్పాలి. ఆమె చెప్పకపోతే దానిని వద్దన్నట్టుగానే తీసుకోవాలి.

చట్టం ఎంతవరకు అక్కరకొస్తుంది? మన కాపీరైటు చట్టం కళాకారులకు ప్రదర్శన హక్కును గుర్తించింది. 1994లో చేసిన సవరణ ప్రకారం నటులు, గాయకులు, నర్తకులే కాదు, గారడీ చేసేవారు, పాములాడించేవారు, ఒంటితో విన్యాసాలు చేసేవారు కూడా ఈ చట్టం కింద కళాకారులే. అంతవరకు మెచ్చుకోవలసిందే. 2012 సవరణ కళాకారులకు తమ పేరు చెప్పించుకునే హక్కును, తమ ప్రదర్శనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కును ఇచ్చింది. కానీ అదే సవరణ, సినిమాలో తాత్కాలికంగా కనిపించి, టైటిళ్లలో పేరు వేసే ఆనవాయితీ లేని వారిని కళాకారుల లెక్కలోంచి తీసేసింది. వికృతం చేస్తే అడ్డుకునే హక్కు ఒక్కటే వారికి మిగిలింది. పేరు వేయకపోవడం పరిశ్రమ అలవాటు. ఆ అలవాటునే చూపించి హక్కు లేదనడం చట్టం తీరు. ఈ దెబ్బ ఎక్కువగా తగిలేది వెనుక వరుసలో నిలబడే ఆడపిల్లలకే.

కోర్టుల వల్ల కొంత మేలు జరిగింది. గాయని ఆశా భోస్లే గొంతును ఆమె అనుమతి లేకుండా యంత్రాలతో నకలు తీయడం చెల్లదని 2025లో బొంబాయి హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అయితే ఇటువంటి ఉత్తర్వులు పేరు ప్రతిష్ఠలు ఉన్నవారి కోసం రూపొందినవి. పేరే లేని కళాకారిణి తన కీర్తికి భంగం కలిగిందని ఎలా రుజువు చేస్తుంది?

2025 డిసెంబరులో కేంద్ర వాణిజ్య శాఖ కింద ఏర్పాటైన కమిటీ ఒక పత్రాన్ని చర్చకు పెట్టింది. కృత్రిమ మేధ కంపెనీలు చట్టబద్ధంగా అందుబాటులో ఉన్న రచనలన్నిటినీ శిక్షణకు వాడుకోవచ్చు, అందుకు రాయల్టీ చెల్లించాలి, కర్తలకు నిరాకరించే వీలు మాత్రం ఉండదు అన్నది అందులోని ప్రతిపాదన సారం. రాయల్టీ మాట వినసొంపుగానే ఉంది. కానీ కాదనే హక్కు లేనిచోట అవుననడానికి అర్థమేముంది? ఈ మాట మనం అత్యాచార చట్టాల విషయంలో ఎన్నిసార్లు చెప్పలేదు? పైగా ఏ సంఘంలోనూ నమోదు కాని బుర్రకథ కళాకారిణికి ఆ డబ్బు ఏ దారిన చేరుతుంది?

అందువల్ల మనం అడగవలసినవి స్పష్టంగా ఉండాలి. గొంతు, ముఖం, కదలిక నకలు తీయడానికి విడిగా, రాతపూర్వకంగా, ఆమెకు వచ్చిన భాషలో, చదివి వినిపించి అనుమతి తీసుకోవాలి. ఒక పనికి ఇచ్చిన అనుమతి మరో పనికి చెల్లకూడదు. ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకునే వీలుండాలి. వాడిన ప్రతిసారీ ప్రతిఫలం ఇవ్వాలి, పేరు చెప్పాలి. కాదన్నందుకు పని పోగొట్టే యజమానిపై చర్య ఉండాలి. చిన్న కళాకారులను హక్కుకు దూరం చేసిన 2012 నాటి మినహాయింపును తొలగించాలి. నాటక, సినిమా, జానపద కళాకారుల సంఘాల నాయకత్వంలో స్త్రీలు ఉండాలి. ఈ విధానాలు రూపొందించే కమిటీలలో వారు కూర్చోవాలి.

ఇవి ప్రభుత్వాన్ని, పరిశ్రమను అడగవలసినవి. మనల్ని మనం అడుక్కోవలసినవి కూడా కొన్ని ఉన్నాయి. స్త్రీల ఉద్యమానికీ రంగస్థలానికీ ఉన్న బంధం ఈనాటిది కాదు. 1940లలో ప్రజానాట్యమండలి రోజుల్లో మోటూరు ఉదయం మరికొందరు స్త్రీలతో కలిసి బుర్రకథ దళం కట్టి వేదికలెక్కారు. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా అక్షరదీపం కార్యక్రమంలో కళాజాతాలు ఊరూరా తిరిగాయి. దూబగుంట స్త్రీల కథ అక్కడి నుంచే వ్యాపించి సారా వ్యతిరేక ఉద్యమానికి ఊపిరి పోసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఆటపాటల్లో అందచందాలకన్నా, తమ ఊరి మనిషే లేచి తమ ఇంటి గోడు చెబుతోందన్న నమ్మకం పని చేసింది. చూస్తున్న స్త్రీలు తామూ లేచి మాట్లాడవచ్చునని తెలుసుకున్నది అక్కడే.

రేపు నిధులు తక్కువై, గడువు దగ్గరపడి, బాల్యవివాహాల మీద ఒక పాట కావలసి వచ్చినప్పుడు యంత్రంతో చేయించేస్తే పోలేదా అన్న ఆలోచన మన సంస్థల్లోనూ రావచ్చు. పైసా ఖర్చు లేదు, అరగంటలో అయిపోతుంది. కానీ ఆ పాట కోసం పిలవవలసిన పది మంది స్త్రీలు ఆ రోజు ఒకచోట కూర్చోరు. వాళ్ల మధ్య మాట జరగదు. మొదటిసారి మైకు పట్టుకుని వణికిన చేయి రెండోసారి గట్టిపడే అవకాశం ఉండదు. పాట మిగులుతుంది, సంఘం మిగలదు.

అలాగే శిక్షణా శిబిరాల్లో, వీధినాటకాల్లో, సభల్లో మనం రికార్డు చేసిన టేపులు, వీడియోలు చాలా సంస్థల బీరువాల్లో ఉన్నాయి. హింసకు గురైన స్త్రీలు తమ కథను తామే నటించి చూపినవి కూడా వాటిలో ఉన్నాయి. ఆ రోజు మమ్మల్ని నమ్మి పాడండి అంటే పాడారు. ఆ నమ్మకం యంత్రానికి మేతగా వేయడానికి ఇచ్చినది కాదు. ఎవరు ఎంత మంచి మాటలతో అడిగినా, ఆ స్త్రీలను వెతికి పట్టుకుని మళ్లీ అడగకుండా ఆ సామగ్రిని బయటకు ఇవ్వరాదని ప్రతి సంస్థా తీర్మానం చేసుకోవాలి. పాడినవారి పేర్లు ఇప్పుడైనా ఆ టేపుల మీద రాసిపెట్టుకోవాలి.

వేదిక మీదికి రావడానికి మన స్త్రీలకు ఎన్నో తరాలు పట్టింది. వచ్చాక పేరు కోసం, కూలి కోసం, మర్యాద కోసం ఇంకా పోరాడుతూనే ఉన్నారు. ఇప్పుడు వారి రూపాన్ని వేదిక మీద ఉంచి, వారిని మాత్రం కిందికి దించే ఏర్పాటు జరుగుతోంది. దీన్ని సాంకేతిక ప్రగతి అని పిలిచినంత మాత్రాన అది అన్యాయం కాకుండా పోదు. మన ఊళ్లలోని కళాకారిణులను మన సమావేశాలకు పాటకే కాదు, చర్చకు కూడా పిలుద్దాం. ఈ విషయంలో వారేమంటారో ముందు విందాం. మన డిమాండ్ల పత్రం వారి మాటలతోనే మొదలుకావాలి.